అమీర్‌పేట అలివేణి

మహిపాల్ నోటికి మూత లేదని పంజాగుట్ట రోడ్డు మీద అందరికీ తెలుసు. అతను పనిచేసే కుళాయిల షోరూముకి ఒక్క పంపు కోసం వచ్చినవాళ్లు కూడా ఆ పంపు పుట్టుపూర్వోత్తరాలు, దాని మేనమామల సంగతులు విన్నాకే బయటపడతారు. అతను కమోడ్ గుణగణాలు వర్ణిస్తుంటే కొనేవాళ్లు సింహాసనం ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుంటారు.

అంతటి మాటకారికి సొంత ఇంట్లో మాట్లాడే అవకాశం పోయింది. పోగొట్టింది చచ్చిపోయిన ఒక పాము.

ఆ ఇల్లు అమీర్‌పేటలో ఉంది. హాస్టళ్ల బోర్డులూ కోచింగ్ బోర్డులూ ఒకదాని నెత్తిన ఒకటెక్కి ఆకాశాన్ని మింగేసిన సందులో రెండో అంతస్తు. మహిపాల్ భార్య హరిణిది రాజమండ్రి. పక్క సందులోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. పదహారేళ్ల కిందట మహిపాల్ అక్కడికి కంప్యూటరు నేర్చుకుందామని వెళ్లి, దాన్ని సగంలో వదిలేసి, పాఠం చెప్పే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అతని తల్లి స్వరాజ్యం వాళ్లతోనే ఉంటుంది. సిద్దిపేట దగ్గర పొలం పనులు చేసిన మనిషి. ఇప్పుడు లోపలి గదిలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ప్రపంచాన్ని పరిశీలిస్తూ ఉంటుంది.

పెళ్లైన నాటి నుంచీ సాయంత్రం ఏడింటికి మహిపాల్ ఇంటికి రావడం, ఆ రోజు షోరూముకి ఎవరెవరు వచ్చారో, ఏ అల్లుడు ఏ మామగారితో ఏ రంగు వాష్‌బేసిన్ కోసం తగువు పడ్డాడో చెప్పడం, హరిణి కూరలు తరుగుతూ వినడం. అదొక ఏర్పాటు. ఆ ఏర్పాటు మీదికి 'పాతాళపున్నమి' వచ్చి పడింది.

అది ఫోనులో కథల యాప్‌లో వచ్చే ధారావాహిక. హీరో వజ్రకేతుడు నాగరాజకుమారుడు. చచ్చి ఎనిమిది వందల ఏళ్లయింది, అయినా ప్రేమించడం మానలేదు. ఒక సరస్సు అడుగున పాతాళ భవనంలో ఆత్మగా కాపురముంటాడు. హీరోయిన్ మృదుల పళ్ల డాక్టరు. కోరలున్నవాడికి పళ్ల డాక్టరు దొరకడం మొదటి భాగం. ఆ కోరలు పీకాలా, ఉంచాలా అన్న మీమాంస మిగతా ఏడు భాగాలు. ఇప్పుడు నడుస్తున్న ఎనిమిదో భాగం రోజుకో అధ్యాయం చొప్పున సాయంత్రం సరిగ్గా ఏడింటికి విడుదలవుతుంది.

హరిణి ఊరికే చదివి ఊరుకునే మనిషి కాదు. ఆమెకు అభిప్రాయాలున్నాయి. నాగులు, గంధర్వులు, యక్షులు, రక్తపిపాసులు, తోడేలు మనుషులు ఎవరు ప్రేమించినా సరే, ఆ కథ చదివి, నోటుపుస్తకంలో తప్పులు రాసుకుని, నక్షత్రాలు వేసి, యాప్‌లో సమీక్ష పెడుతుంది. దాని కోసం కొన్ని వేలమంది కాచుక్కూర్చుంటారు.

"మొదటి మూడు భాగాలూ బంగారం. నాలుగో భాగంలో కథకి జలుబు చేసింది, ఐదులో కోలుకుంది" అని రాస్తుంది. "మూడో భాగంలో నీలంగా ఉన్న వజ్రకేతుడి కళ్లు నాలుగో భాగంలో ఆకుపచ్చగా మారాయి. కారణం చెప్పలేదు. ఒక నక్షత్రం కోత" అని రాస్తుంది. ఇంకో కథలో ఎవడో యక్షుడు రాత్రంతా హీరోయిన్ కిటికీ బయట నిలబడి ఆమెను చూస్తూ ఉంటే, "ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా బయట నిలబడి చూసేవాణ్ని ప్రేమికుడనరు, వాచ్‌మన్ అంటారు" అని రాసింది. ఆ యక్షుడి కథ ఆ వారమే ఆగిపోయింది.

ఒకరోజు మహిపాల్ చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "హరిణీ, గియ్యాల షోరూమ్‌ల ఏమైందో తెలుసా? ఒకాయన షవర్ కొననీకొచ్చి..."

"ఒక్క నిమిషం అండీ. కోర ఊడేలా ఉంది."

"ఎవలిది?"

"వజ్రకేతుడిది."

మహిపాల్ ఒక్క నిమిషం ఆగాడు. నలభై నిమిషాలు ఆగాడు. షవర్ కొననీకొచ్చిన ఆయన సంగతి కడుపులోనే చల్లారిపోయింది. అలా మూడు వారాలు గడిచేసరికి అతనికి అజీర్తి పట్టుకుంది. మాటలు అరక్కపోతే వచ్చే అజీర్తికి మందుల షాపులో ఏమీ దొరకలేదు.

షోరూములో పక్క కౌంటరు రవికాంత్‌కి గోడు చెప్పుకున్నాడు. రవికాంత్‌కి పెళ్లై రెండేళ్లే అయినా సలహాలు మాత్రం ఇరవై ఏళ్ల కాపురానికి సరిపడా ఉన్నాయి.

"అన్నా, ఫికర్ జేయకు. కథ ఆఖర్ల ఏమైతదో ముందుగాలనే చెప్పెయ్. సస్పెన్స్ పోయిందంటే ఎవ్వలు సుత సదవరు. మా ఇంట్ల టీవీ సీరియల్ గట్లనే బంద్ జేయించిన."

ఆ సాయంత్రం మహిపాల్ హరిణి పక్కన కూర్చుని, పెద్ద రహస్యం విప్పుతున్నవాడిలా గొంతు తగ్గించాడు. "నీకు బాధైతదని ఇన్ని దినాలు చెప్పలే. గా వజ్రకేతుడు ఆఖర్ల చచ్చిపోతడంట."

హరిణి కళ్లజోడు ముక్కు మీదికి దించి అతన్ని చూసింది. "మొదటి భాగం రెండో పేజీలోనే పోయాడు కదండీ. ఎనిమిది వందల ఏళ్లయింది. మీకు కబురు ఇప్పుడందిందా?"

లోపలి గదిలో స్వరాజ్యం దగ్గింది. దగ్గులాగే ఉంది గానీ, చివర్లో కొంచెం నవ్వులా సాగింది.

ఆ అవమానంలోంచి పుట్టింది అలివేణి.

లోపలి నుంచి దెబ్బ కొట్టాలని రవికాంత్ రెండో సలహా ఇచ్చాడు. మహిపాల్ యాప్‌లో కొత్త ఖాతా తెరిచాడు. మగపేరు పెడితే ఎవరూ పట్టించుకోరని 'అమీర్‌పేట అలివేణి' అని పెట్టాడు. బొమ్మ కోసం ఒక మల్లెపువ్వు పెట్టి, మొదటి వ్యాఖ్య వదిలాడు. "ఈ కథ వల్ల కాపురాలు పాడవుతున్నాయి. సాయంత్రం పూట మొగుళ్లతో మాట్లాడే దిక్కు లేదు. రచయిత్రి జర ఆలోచించాలి. ఇట్లు, ఒక సోదరి."

గంటలో రచయిత్రి మధులత నుంచి జవాబొచ్చింది. చాలా మర్యాదస్తురాలు. "అలివేణి గారూ, మీ బాధ అర్థమైంది. ఏ భాగంలో, ఏ అధ్యాయం మీకు ఇబ్బంది కలిగించిందో చెబితే సరిదిద్దుకుంటాను."

ఏ భాగమూ, ఏ అధ్యాయమూ మహిపాల్‌కి తెలియదు. తిట్టడానికైనా చదవాలి కదా అని మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, షోరూములో జనం లేనప్పుడు, అద్దాల తలుపు వెనక అమ్మకానికి పెట్టిన తెల్ల కమోడ్ మీద మూత వేసి కూర్చుని మొదటి భాగం తెరిచాడు. మూడు రోజుల్లో మూడు భాగాలు అయిపోయాయి. తప్పులు వెతకడానికి కూర్చున్నాడు కాబట్టి ఒక తప్పు దొరికింది. అది అతని వృత్తికి సంబంధించిన తప్పు. దాన్ని చూసి ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"మధులత గారూ," అని రాసింది అలివేణి. "పాతాళ భవనం సరస్సు అడుగున ఉంది. మూడో భాగంలో మృదుల గారు అక్కడ తలంటు పోసుకున్నారు. ఆ నీళ్లు ఎటు పోయాయి? గొట్టానికి అడుగుకి పావంగుళం వాలు ఇచ్చినా, బయట సరస్సు ఒత్తిడి ముందు ఆ నీళ్లు కదలవు. వెనక్కి తన్నకుండా ఒక వాల్వు ఉండాలి. అది లేకుండా స్నానం చేస్తే సరస్సంతా స్నానాల గదిలోకి వస్తుంది. అప్పుడు ప్రేమ సంగతి తర్వాత, ముందు నీళ్లెత్తిపోయాలి."

సాయంత్రానికి ఆ వ్యాఖ్యని ఆరువందల మంది మెచ్చుకున్నారు. ఎనిమిది భాగాలుగా ఎవరికీ రాని ఆలోచన అన్నారు. రెండు రోజుల తర్వాత కథలో వజ్రకేతుడు పాతాళ కమ్మరుల్ని పిలిపించి, ప్రియురాలి స్నానాల గదికి పంచలోహ కవాటం పోత పోయించాడు. ఆ అధ్యాయానికి హరిణి అయిదుకి అయిదు నక్షత్రాలు వేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమే మాటెత్తింది. "ఏవండీ, మా యాప్‌లో అలివేణి అని ఒకావిడ వచ్చింది. ఏం బుర్రండీ ఆవిడది. ఆవిడతో కూర్చుని ఒక పూట మాట్లాడాలని ఉంది."

మహిపాల్‌కి నోటిదాకా వెళ్లిన ముద్ద మళ్లీ కంచంలోకి దిగింది. పదహారేళ్లలో ఆమె అతని బుర్ర గురించి మాట్లాడింది రెండుసార్లే. రెండుసార్లూ హెల్మెట్ కొనేటప్పుడే.

"ఏం రాసిందేంది గంత గొప్పగ?" అన్నాడు, అన్నంలోకి చూస్తూ.

ఆమె ఫోను తెచ్చి వ్యాఖ్య మొత్తం చదివి వినిపించింది. తన మాటలు ఆమె నోట వింటుంటే అతనికి ఒళ్లంతా చక్కిలిగింత పెట్టినట్టయింది. మళ్లీ చదవమన్నాడు. సరిగా వినపడలేదని అబద్ధం చెప్పాడు.

ఆ రోజుతో కథ ఆపించే పథకం మూలన పడింది. అలివేణి రోజూ రాయడం మొదలుపెట్టింది. భవనం రాతి గోడలకి చెమ్మ ఎందుకు రాలేదని అడిగింది. మృదుల మీద మనసు పడ్డ గంధర్వుడు రెక్కలు తడిసినప్పుడు ఎక్కడ ఆరేసుకుంటాడని నిలదీసింది. ఏడో భాగం చదివేసరికి మహిపాల్‌కి గొట్టాలు దాటి మనుషులు కనిపించసాగారు. మృదుల క్లినిక్‌లో ఆలస్యమై వస్తే వజ్రకేతుడు అలిగి గుహలోకి వెళ్లిపోయిన అధ్యాయం అతనికి బొత్తిగా నచ్చలేదు.

"ఎనిమిది వందల ఏళ్లు ఎదురుచూసినవాడు, ఒక్క గంట ఆలస్యమైతే అలగడమేమిటి? ఆమె పని చేసి అలిసిపోయి వచ్చింది. అలిగే తీరిక ఉన్నప్పుడు అన్నం వండొచ్చు కదా" అని రాసి, ఆవేశంగా పంపేశాడు.

ఇది సరాసరి గుండెల్లోకి వెళ్లిందన్నారు పాఠకురాళ్లు. వాళ్లందరి కన్నా ముందు హరిణి జవాబు రాసింది. "అలివేణి గారూ, ఇంత బాగా రాశారంటే మీవారు బంగారం లాంటి మనిషై ఉండాలి. ఆయన ఇంట్లో ఏమేం చేస్తారు?"

అప్పుడు మహిపాల్ చేసిన తప్పు ఏ మగవాడైనా చేసేదే. గొప్పలు చెప్పాడు. "మా వారు రోజూ పొద్దున్నే అల్లం టీ పెట్టి ఇస్తారు. కూరలు తరుగుతారు. ఉతికిన బట్టలు మడతపెట్టి గానీ ఆఫీసుకి కదలరు."

ఆ సాయంత్రం హరిణి పెద్ద నిట్టూర్పు విడిచింది. "విన్నారా అండీ? అలివేణిగారి భర్త పొద్దున్నే టీ పెడతాట్ట."

"గవన్నీ నిజమనుకుంటున్నవా? ఊకె రాస్తరు."

"ఆవిడ అబద్ధం రాసే మనిషి కాదండీ. ఆ వాల్వు సంగతి అంత నిజాయితీగా రాసినావిడ, టీ సంగతి కల్పించి రాస్తుందా?"

అలివేణి నిజాయితీని శంకిస్తే మహిపాల్‌కే కష్టంగా ఉంది. మర్నాడు పొద్దున లేచి టీ పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే సరిగా తెలియదు. లేని ఒక మగాడు తనకన్నా మంచివాడని పేరు తెచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడంతే.

హరిణి గుక్క తాగి తల ఊపింది. "బాగానే ఉంది. అలివేణిగారి ఆయనైతే ఇంకొంచెం అల్లం వేసేవాడేమో."

అలా మొదలై, నెల తిరిగేసరికి మహిపాల్ తను పుట్టించిన మనిషితో పోటీ పడుతూ రొప్పుతున్నాడు. అలివేణి భర్త బెండకాయలు తరిగితే మహిపాల్ తరగాలి. హరిణి అడిగిందని అలివేణి ఒకసారి "మా వారు ఆదివారం ఫ్యాన్లు తుడుస్తారు" అని రాసింది. ఆ ఆదివారం మహిపాల్ స్టూలెక్కి నాలుగు ఫ్యాన్లు తుడిచి, దిగేటప్పుడు నడుం పట్టేసి, సోమవారం షోరూములో వంగి నమస్కారం పెడుతున్న భంగిమలోనే అమ్మకాలు చేశాడు. జనం ఆ వినయానికి ముచ్చటపడ్డారు.

"అన్నా, గా అలివేణి మొగన్ని చంపెయ్. పీడ పోతది" అన్నాడు రవికాంత్.

"చంపితే ఆత్మై వచ్చి సుత పని జేస్తడంటరు వీళ్లు" అన్నాడు మహిపాల్ దిగులుగా. ఆ మాట తన నోట ఎందుకొచ్చిందో అని తర్వాత చాలా చింతించాడు.

ఎనిమిదో భాగం ముగింపుకొచ్చింది. పాఠకులందరూ కలిసి పంజాగుట్టలో ఒక చిన్న హాలులో సభ పెట్టుకున్నారు. శ్రీనగర్ కాలనీలో ఉండే హైమవతి అనే రిటైర్డు తెలుగు టీచరు నిర్వాహకురాలు. సమీక్షకురాలిగా హరిణి ప్రసంగం. రచయిత్రి మధులత స్వయంగా వస్తుంది. ఉత్తమ పాఠకురాలిగా అమీర్‌పేట అలివేణికి శాలువా.

అలివేణి వెంటనే జ్వరం తెచ్చుకుంది. "ఒంట్లో బాగాలేదు, రాలేను" అని రాసింది.

"పాపం," అంది హరిణి. "మేం ఆరుగురం పళ్లు తీసుకుని చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం అండీ. అమీర్‌పేటే కదా. ఇల్లిల్లూ తలుపు కొట్టి అడిగైనా కనుక్కుంటాం. మన సందులోంచే మొదలుపెడతాం."

అలివేణికి సాయంత్రానికల్లా జ్వరం తగ్గింది.

మహిపాల్ రెండు రోజులు ఆలోచించాడు. తనే అని హరిణికి తెలిస్తే జన్మంతా దెప్పుతుంది. అదే అమ్మ అని తెలిస్తే ముద్దు పెట్టుకుంటుంది. అమ్మకి ఫోనుంది, కళ్లజోడుంది, అభిప్రాయాలకి ఏనాడూ కొదవ లేదు. హరిణి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిన వేళ చూసి స్వరాజ్యం మంచం పక్కన కూర్చుని, జరిగింది చెప్పాడు. వాల్వు చెప్పాడు, చెమ్మ చెప్పాడు, రెక్కలు ఆరేసుకోవడం చెప్పాడు.

స్వరాజ్యం చిక్కుడుకాయ ఈనె తీస్తూ అంతా విన్నది. "అంటె నేను పోయి నేనే అలివేణి అనాలె."

"అంతే అమ్మా. శాలువా కప్పించుకో, దండం పెట్టు, గొంతు బాగలేదను, దిగొచ్చెయ్. ఏం మాట్లాడకు."

"ఏం మాట్లాడొద్దా?"

"ఒక్క మాట సుత వద్దు."

"సరే తీ," అంది స్వరాజ్యం. ఆమె అంత తొందరగా ఒప్పుకున్నప్పుడైనా అతనికి అనుమానం రావలసింది.

ఆదివారం పదిన్నరకి హాలు నిండింది. వందమంది దాకా ఉన్నారు. హరిణి వేదిక మీద ఉంది. హైమవతి మైకులో "అమీర్‌పేట అలివేణి గారు" అని పిలవగానే, గద్వాల పట్టుచీర కట్టుకున్న స్వరాజ్యం మెట్లెక్కింది. వెనక వరసలోంచి మహిపాల్ తన భార్య మొహం చూశాడు. హరిణి ఒక్క క్షణం రెప్ప వేయలేదు. తర్వాత అత్తగారికి రెండు చేతులా నమస్కారం పెట్టి కుర్చీ జరిపింది. గండం గడిచిందనుకున్నాడు మహిపాల్.

శాలువా కప్పారు. స్వరాజ్యం దండం పెట్టింది. తర్వాత దిగి రావడానికి బదులు మైకు చేతిలోకి తీసుకుంది.

"అందరు సల్లగుండాలె. వజ్రకేతుడు మంచోడే గని, ఊకె అలుగుతడు. అలిగెటోనితోని కాపురం కష్టం. నన్నడుగుతె ఆ పిల్ల గంధర్వున్ని సుత చేసుకోవద్దు. ఆరో భాగంల పాతాళంల వంట చేసే ముసలాయన ఉన్నడు సూడండి, ఆయన ఒక్కడే ఆ పిల్లని తిన్నవా బిడ్డా అనడిగిండు. గంత పెద్ద కథల గా మాట అడిగినోడు ఒక్కడే."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది. ఆరో భాగంలో వంటవాడున్న సంగతి మహిపాల్‌కే గుర్తులేదు. ఇన్నాళ్లూ మధ్యాహ్నం వేళ హరిణి ఇంటికొచ్చి, ఫోను చేత పైకి చదివించి అత్తగారికి ఎనిమిది భాగాలూ వినిపించిందని, ఆ నోటుపుస్తకంలోని అభిప్రాయాల్లో సగం చిక్కుడుకాయలు తుంచే మంచం మీద పుట్టినవేనని అతనికి అప్పుడు తట్టింది.

హైమవతి కళ్లు మెరుస్తూ మైకు అందుకుంది. "అలివేణి గారూ, మీ వారిని కూడా తీసుకొస్తారని ఆశపడ్డాం. రోజూ పొద్దున్నే అల్లం టీ పెట్టి ఇస్తారనీ, బట్టలు మడతపెడతారనీ రాశారు కదా. ఆ మహానుభావుడు ఏరీ?"

భర్త సంగతి తల్లికి చెప్పలేదని మహిపాల్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"మా ఆయననా? కనకయ్యనా?" అంది స్వరాజ్యం. "ఆయన పోయి పన్నెండేండ్లాయె."

వేరే ఏ సభలోనైనా ఇక్కడ బండారం బయటపడేది. కానీ అక్కడున్నవాళ్లు ఎనిమిది భాగాలుగా చచ్చిపోయినవాడితో ప్రేమలో ఉన్నవాళ్లు. పోయిన మనిషి, పొద్దున్నే టీ. రెండూ కలుపుకోవడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు.

ముందు వరసలో ఒకావిడ లేచి, చేతులు జోడించి అడిగింది. "ఎన్నింటికి వస్తారండీ?"

స్వరాజ్యం కొడుకు వైపు చూసింది. అతను వద్దు వద్దని తల ఊపుతున్నాడు. హాలు వైపు చూసింది. వందమంది కుర్చీల అంచుకు జరిగి ఉన్నారు. శాలువా సర్దుకుంది.

"పొద్దుగాల ఆరింటికి," అంది. "అల్లం జర ఎక్కువేస్తడు."

ఎవరో ఏడ్చారు. రచయిత్రి మధులత చేతిసంచీలోంచి నోటుపుస్తకం తీసి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది. "బట్టలు కూడా ఆయనే మడతపెడతారా?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. "పెడతడు. గని దుప్పట్లు సక్కగ రావు ఆయనకు" అంది స్వరాజ్యం.

మహిపాల్ ఇంక తట్టుకోలేకపోయాడు. కుర్చీలోంచి లేచాడు. "ఇదంతా అబద్ధం. మా నాయిన ఎక్కడికీ రాడు. చాయ్ పెట్టేది నేను. దుప్పట్లు మడతవెట్టేది నేను. గా అలివేణి సుత నేనే."

వందమంది వెనక్కి తిరిగి అతన్ని చూశారు. ఆ చూపుల్లో కోపం లేదు. జాలి ఉంది.

"కూర్చో నాయనా," అంది హైమవతి మృదువుగా. "తండ్రి పోయిన బాధ ఒక్కొక్కరిని ఒక్కోలా పట్టుకుంటుంది. అయినా కన్నతల్లికి వచ్చిన పేరు నీదనుకోవడం బాగుండదు."

"హరిణీ, నువ్వన్న చెప్పు," అన్నాడు మహిపాల్ దీనంగా.

హరిణి మైకు దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకుంది. "మావారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉందండీ. రెండు నెలలుగా మా ఇంట్లో టీ ఆయనే పెడుతున్నారు. కూరలు తరుగుతున్నారు, ఫ్యాన్లు తుడిచారు. ఇంతమంది ముందు ఆయనే ఒప్పుకున్నారు కాబట్టి ఇక మానడానికి లేదు. మిగతా సంగతి నేను మాట్లాడను. మా అత్తయ్య మాట కాదనే అలవాటు నాకు లేదు."

అప్పుడు మొదలైన చప్పట్లు స్వరాజ్యం దిగి వచ్చేదాకా ఆగలేదు.

పంజాగుట్టలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను దూరంలో మహిపాల్ అడగవలసింది అడిగేశాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజే. రచయిత్రి జర ఆలోచించాలి అని ఏ సోదరి రాస్తుందండీ? ఇంక అడుగుకి పావంగుళం వాలు చూశాక అత్తయ్యకి కూడా చదివి వినిపించాను. మనోడే అంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

హరిణి కిటికీలోంచి బయటికి చూసింది. "మీరు చెప్పేది ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే వినేదాన్ని. ఇప్పుడేమో వేలమంది విని బాగుందంటున్నారు. చెడగొట్టబుద్ధి కాలేదు." ఫోను సంచీలో పెట్టుకుంటూ, "టీ కూడా అలవాటైపోయింది" అంది.

పక్క సీట్లో స్వరాజ్యం శాలువా అంచు వేళ్లతో తడిమి చూసుకుంటోంది. "మంచి గుడ్డనే" అంది.

వారం తిరక్కుండా మధులత ఫోన్ చేసింది. 'పాతాళపున్నమి' ఎనిమిది భాగాలూ పుస్తకంగా వస్తున్నాయి, ముందుమాట అలివేణి గారే రాయాలి అంది. స్వరాజ్యానికి రాయడం అంతగా రాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని కొడుకుని పిలిచి ఫోను చేతికిచ్చింది.

"నేను చెప్త, నువ్వు కొట్టు. నీ సొంతం ఒక్క ముక్క కలుపొద్దు."

మహిపాల్ తలొంచుకుని కొట్టడం మొదలుపెట్టాడు. వజ్రకేతుడి గురించి నాలుగు వాక్యాలు, పళ్ల డాక్టరు పిల్ల గురించి ఆరు, వంటాయన గురించి పది అయ్యాయి. అంతదాకా ధారాళంగా చెప్పిన మనిషి ఇప్పుడు గోడ వైపు చూస్తూ చెప్పింది.

"రాయి. మా ఆయన బతికున్నన్ని దినాలు ఒక్కనాడు చాయ్ పెట్టియ్యలే. పొలం కాడికెళ్లి అచ్చి నేనే పెట్టిన. మొన్న గా హాలుల అందరు అడిగితే, పోయినంక ఆయనే పెడుతుండనుకుంటె నాకు మస్తుగనిపించింది. గందుకే కాదనలే."

మహిపాల్ వేలు తెర మీద ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వింటున్న హరిణి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కింద సందులో ఏదో కోచింగు సెంటరు వాళ్ల మైకు, డెమో క్లాసు ఉచితమని అరుస్తూ వెళ్లిపోయింది.

"ఏం రా, ఆపినవ్?" అంది స్వరాజ్యం, దిండు సర్దుకుని వెనక్కి ఆనుకుంటూ. "కొట్టు. గిప్పుడు నీ సంగతి అస్తది."